పరదత్త పరిపాలనము: విజయనగర శ్రీకాకుళ ప్రాంతముల దర్శనీయ స్థలములు



ఈ వార్షికసంచికకు మన ప్రాంతమునందలి దర్శనీయ స్థలములను గూర్చి యొక వ్యాసము వ్రాసి యీయవలసినదని కార్యనిర్వాహకవర్గమువారు మమ్ము కోరిరి. దూరప్రదేశములనుండి సకుటుంబముగా వచ్చు ప్రతినిధులు సభ ముగిసిన పిమ్మట ఒకటి రెండు దినములు నిలిచి, బస్సులు కుదుర్చుకొని, చుట్టుపట్ల నున్న కోటలను కోవెలలను చూచిపోవుట మనలో వాడుకయై యున్నది. వారికి దారి చూపుట యీ వ్యాసమునకు మొదటి ప్రయోజనము. రెండవ ప్రయోజన మొకటి కలదు. అది ముఖ్యముగా మన పోషకులకు విన్నవింపదగినది గావున, దానికి మూలమైన ధర్మమును ముందుగా చెప్పి, పిదప ప్రయాణము సాగించెదము.

మన పూర్వులు దానశాసనములను చెక్కించునపుడు తుదిని ధర్మశ్లోకములను చేర్చుట పరిపాటి. ఆ శ్లోకములలో తరచుగా కానవచ్చు భావ మిది. తాను చేసిన దానమువలని పుణ్యముకంటె, ఒరులు చేసిన దానమును కాపాడుటవలని పుణ్యము రెట్టింపు. పరదత్తమును చెరచినవానికి తాను చేసిన దానముకూడ నిష్ఫలము. రాజులు తమ తరువాతి రాజులను నమ్మలేక యీ మాట వ్రాయించిరి. వారి యనుమానము నిరాధారము కాదని, మనము చూడబోవు స్థలములలో ననేకము సాక్ష్యము చెప్పును.

విజయనగరము

ఈ పట్టణమునకు విజయములు కూడి వచ్చినవని పెద్దలు చెప్పుదురు. విజయరామరాజు విజయనామ సంవత్సరమున, విజయదశమినాడు, జయవారమగు మంగళవారమున కోటకు శంకుస్థాపన చేసెననియు, అందుచేత విజయనగరమను పేరు కలిగెననియు జనశ్రుతి. జనశ్రుతిని పరీక్షింపక నమ్మరాదు, పరీక్షింపక త్రోసివేయనురాదు. కోటకు పునాది పడిన సంవత్సరము 1713 అని చరిత్రకారులు చెప్పుదురు. 2013 ఉగాదినాడు ప్రవేశించినది విజయ సంవత్సరమని మన పంచాంగములలో నున్నది. అరువదేండ్ల యావృత్తము లైదు, అనగా మున్నూరేండ్లు, వెనుకకు లెక్కించినచో 1713 విజయ సంవత్సరమే యగుచున్నది. అవ్వలు చెప్పిన మాటకు లెక్క తోడువచ్చినది. పిల్లలను కోటకు గొనిపోవు తల్లిదండ్రులు ఈ లెక్కను వారిచేతనే చేయించిన బాగుండును.

ఎత్తైన రాతిగోడలతో, మూలలయందు బురుజులతో చతురస్రముగా నున్న యీ కోటను సింహద్వారమునుండి చూచుట మేలు. లోపలి భవనములలో నిప్పుడు విద్యాసంస్థలు నడచుచున్నవి. పూసపాటి విజయరామ గజపతిరాజుగారు తమ తండ్రియగు అలక నారాయణ గజపతి పేర 1958లో స్థాపించిన మాన్సాస్ అను ధర్మసంస్థకు ఈ కోటను విద్యార్థమై వినియోగించిరి. ఏలికల యిల్లు బడిపిల్లల యిల్లైనది. కోటకు కొంతదూరమున, అంగడివీధుల నడుమ, 1885లో కట్టిన ఘంటాస్తంభము కలదు. ఎనిమిది పలకల యీ రాతికట్టడము ఊరికి గడియారము మాత్రమే కాదు, ఊరివారు ఒకరినొకరు కలిసికొనుటకు గుర్తుకూడ.

సంస్కృత కళాశాల 1860లో నేర్పడినది. సంగీత కళాశాల 1919లో నేర్పడగా, దానికి ప్రథమాధ్యక్షులు ఆదిభట్ల నారాయణదాసుగారు. ద్వారం వేంకటస్వామినాయుడుగారు అచటనే ఫిడేలు నేర్పి, పిదప అధ్యక్షులైరి. ఘంటసాల వేంకటేశ్వరరావుగా రా విద్యాలయమున చదివినవారే. ఈ సంస్థానమువారి విద్యాదానము ఊరి పొలిమేరలోనే నిలువలేదు. ఆక్స్ఫర్డునందు మాక్సుముల్లరు పండితుడు సాయణభాష్యసహితముగా ప్రకటించిన ఋగ్వేదము ప్రతులు దుర్లభములు కాగా, దాని రెండవ కూర్పు 1890 మొదలు 1892 వరకు వెలువడుటకు ధనసహాయము చేసినవారు ఆనందగజపతి మహారాజు. ఋషులు దర్శించినది, సాయణుడు వ్యాఖ్యానించినది, సముద్రమున కావల నొక పండితుడు పరిష్కరించినది; మన మహారాజు దానిని మరల లోకమునకు అందించెను. పరదత్త పరిపాలనమునకు ఇంతకంటె మంచి నిదర్శనము మాకు తోచదు.

ఆ మహారాజు ఆస్థానముననే గురజాడ అప్పారావుగారు వర్ధిల్లిరి. వారి గృహము నేడు స్మారకముగా నున్నది. ప్రతినిధులు తప్పక చూడవలయును. కన్యాశుల్కము 1892లో ఈ పట్టణమున ప్రథమమున రంగమెక్కినదని అందరు నెరిగినదే. వారు 1891 మొదలుకొని సంస్థానమున శాసనపరిశోధకులుగా నుండిరను సంగతి యెరిగినవారు కొలదిమంది. కన్యాశుల్కమున సంతమాటను పట్టుకొన్న చెవిగల మహనీయుడు, శిలలపై పాతమాటనుకూడ పరీక్షించి చూచెను.

పైడితల్లియు, బొబ్బిలియు

విజయనగరమున పైడితల్లి గుడిని దర్శింపనివా రుండరు. ఆ తల్లి కథకు వేరు బొబ్బిలిలో నున్నది. 1757 జనవరి 24వ తేదీన ఫ్రెంచి సేనాని బుస్సీయు, విజయనగరాధీశుడు పెదవిజయరామరాజును కలిసి బొబ్బిలికోటను ముట్టడించిరి. కోట కూలినది, రంగారావు వీరమరణమందెను, కోటలోని స్త్రీలును పిల్లలును నశించిరి. కొన్ని దినములలోనే తాండ్ర పాపారాయుడు విజయరామరాజును ఆయన గుడారమున చంపెను. ఆ యాపదను ముందుగా శంకించి అన్నను వారించిన చెల్లెలే పైడిమాంబయై వెలసెనని ఊరివారి విశ్వాసము. ఏటేట విజయదశమి పిమ్మటి మంగళవారమున సిరిమానోత్సవము జరుగును. పొడవైన మ్రానుకొనను పూజారి కూర్చుండగా, ఆ సిరిమానును గుడికిని కోటకును నడుమ మూడుసారులు త్రిప్పుదురు. లక్షలకొలది జనులు చూచి మ్రొక్కుదురు. గెలిచిన యూరు తన గెలుపును గూర్చి పండుగ చేసికొనుట లేదనియు, యుద్ధము వలదన్న యాడుపడుచును పూజించుచున్నదనియు మేము మా శిష్యులకు చెప్పుచుండెడివారము.

బొబ్బిలికి పోవువారు యుద్ధస్మారకస్తంభమును చూచి, దగ్గరనే యున్న గొల్లపల్లికికూడ పోవలయును. అచటి శిల్పులు పనసమ్రానును తొలిచి, కుండయు దండియు నేకముగా వీణలు చేయుదురు. భౌగోళిక గుర్తింపు పొందిన యీ వీణలు దేశదేశములకు పోవుచున్నవి. కోటగోడలు ఒక్కదినమున కూలినవి. తండ్రిచేతినుండి కొడుకుచేతికి వచ్చిన ఉలిపని నిలిచియున్నది. కొనక పోయినను, పని జరుగుచుండగా కొంతసేపు కూర్చుండి చూడుడు.

రామతీర్థము

విజయనగరమునకు ఈశాన్యమున సుమారు 12 కిలోమీటరుల దూరమున రామతీర్థము కలదు. యాత్రికులు క్రింది యాలయమున శ్రీరాముని సేవించి, పుష్కరిణిలో కాళ్లు కడిగికొని మరలిపోవుదురు. చుట్టునున్న కొండలమాట పలువురకు తెలియదు. గురుభక్తులకొండపై ఇటుకలతో కట్టిన బౌద్ధస్తూపముయొక్కయు, విహారములయొక్కయు శిథిలములు కలవు. 20వ శతాబ్ది యారంభమున పురావస్తుశాఖకు చెందిన అలెగ్జాండరు రీ దొర వానిని త్రవ్వించి వివరములు ప్రకటించెను. దుర్గకొండపై జైనతీర్థంకరుల శిల్పములున్నవి. రాజరాజనరేంద్రుని తండ్రియగు విమలాదిత్యుని కాలమున ఒక జైనాచార్యు డీ కొండను సేవించినట్లు అచట శాసనముకూడ కలదు. బుద్ధుని, జినుని, రాముని నమ్మినవారు వేరువేరు కాలముల ఒకే కొండలగుంపును పవిత్రముగా నెంచిరి.

2020 డిసెంబరులో బోడికొండపై శ్రీరామవిగ్రహమునకు దుండగులు చేసిన యపచారమువలన దేశమంతయు బాధపడినది. 2022లో నూతనాలయమున పునఃప్రతిష్ఠ జరిగినది. ఆ బాధ ధర్మమైనది. అట్టి బాధలో వేయవవంతైనను, సరదాకు కొండనెక్కి పాతరాళ్లపై తమ పేర్లు గీకిపోవువారిని చూచినపుడు మనకు కలుగవలదా? ఒక్క దెబ్బతో విరిగినది అందరికి కనబడును. గీతపై గీతగా పోవునది కనబడదు.

శ్రీకాకుళము, అరసవల్లి, శ్రీకూర్మము

రామతీర్థమునుండి తూర్పుదారి పట్టి నాగావళీతీరమగు శ్రీకాకుళమునకు చేరవచ్చును. ఈ పట్టణము 1936 వరకు గంజాము మండలమునను, పిదప విశాఖపట్టణ మండలమునను ఉండి, 1950 ఆగస్టు 15న ప్రత్యేకమండలమునకు కేంద్రమైనది. గోలకొండ కుతుబుషాహీలకాలమున ఇది ఫౌజుదారుల నివాసము. ఫౌజుదారు షేర్ మహమ్మదుఖాను 1641లో కట్టించిన జుమ్మామసీదు నేటికిని నిలిచియున్నది. చికాకోలు సన్నబట్టలకు ఒకప్పుడు విదేశములందు పేరుండెను. ఆ నేర్పు చూడగోరువారు సమీపమునందలి పొందూరునకు పోవలయును. అచటి స్త్రీలు వాలుగచేప దవడయెముకతో పత్తిని దువ్వి, అతిసన్నని నూలు వడకుదురు. గాంధీమహాత్ముడు మెచ్చిన ఖద్దరది.

పట్టణమును విడువకమునుపే అరసవల్లి సూర్యనారాయణుని సేవింపవలయును. మార్చి, అక్టోబరు నెలలలో కొన్ని దినములయందు ఉదయకిరణములు ద్వారములగుండ చొచ్చి మూలవిరాట్టుపై పడును. సూర్యుని నడకను ఏటిపొడవున కనిపెట్టి గుడికి దిక్కు నిలిపిన స్థపతి పేరు మాత్రము మనకు దక్కలేదు.

శ్రీకాకుళమునకు సుమారు 14 కిలోమీటరుల దూరమున శ్రీకూర్మము కలదు. కూర్మావతారమునకు ఇంతటి యాలయము వేరొకటి యరుదు. స్వామి పశ్చిమాభిముఖుడు, తూర్పున పడమటను రెండు ధ్వజస్తంభములు కలవు. యాత్రికులు ఈ విశేషములను విని, మండపములోని చిత్రములను చూచి, పిల్లలకు తాబేళ్లను చూపి సంతసింతురు. మేము కోరునది, ఇంకొక గడియ నిలిచి స్తంభములను చూడుడని. ఆ స్తంభము లొక గ్రంథాలయము. వానియందలి శాసనములు దక్షిణభారతశాసనముల యైదవ సంపుటమున అచ్చుపడినవి. మధ్వాచార్యుల శిష్యుడగు నరహరితీర్థులు కళింగరాజ్యభారమును వహించి, స్వామిసన్నిధిని యోగానందనృసింహుని ప్రతిష్ఠించిన సంగతి సంస్కృతశ్లోకములతో నచట చెక్కబడియున్నది. దానికాలము శకవర్షము 1203. శకమునకు 78 కూడిన క్రీస్తుశకమగును; అనగా 1281.

గొప్పవారి మాట యటుంచుడు. తక్కిన శాసనములలో పెక్కులు చిన్నదానములకు సంబంధించినవి. ఒకరు స్వామికి అఖండదీపము పెట్టగోరుదురు. కొన్ని మాడలు కోవెలకు ఇత్తురు. దానిపై వచ్చిన యాదాయముతో ఆచంద్రార్కముగా దీపము వెలుగవలెనని వ్రాయింతురు. దాతలలో రాణులు, మంత్రులు, దండనాయకులు, వర్తకులు, ఆలయపు కొలువువారు కలరు. తల్లిదండ్రుల పుణ్యమునకై యిచ్చినవారు కొందరు. తమ కోరిక సిద్ధించుటకై యిచ్చినవారు కొందరు. ఏడువందల యేండ్ల క్రింద నొక మనుష్యుడు తన తల్లికొరకు వెలిగించిన దీపమును గూర్చి నేడు మనము చదువగలిగితిమన్న, అది ఆ రాయి మనకు చేసిన మేలు.

ఆ శాసనములలో మన కులమువారి పేర్లు వెదకి వ్రాయుడని మమ్ము కొందరు ప్రేమతో నడిగిరి. వెదకుట తప్పు కాదు. కాని ఆ దీపము వెలుతురు ఫలానివారి కని విడిపడలేదు. గర్భగుడి ముందు నిలిచిన ప్రతివాని ముఖముపైనను పడినది. మన పేరున్న రాతినే కాపాడుదుము, లేనిదానిని విడుతుమనుట పరదత్త పరిపాలనము కానేరదు.

శాలిహుండము, శ్రీముఖలింగము

ఇక వంశధారాతీరమునకు పోవుదము. దక్షిణపు గట్టున శాలిహుండము కొండ కలదు. శాలివాటిక యనియు, శల్యపేటిక యనియు దీనికి పూర్వనామములు చెప్పుదురు. మొదటిది వరిధాన్యపు చోటు, రెండవది అస్థులపెట్టె. క్రింద పంటపొలములు, పైన ధాతువులు దాచిన స్తూపములు ఉండుటచే రెండు పేర్లును పొసగుచున్నవి. స్తూపములు, చైత్యములు, విహారములు, తారామారీచుల విగ్రహములు ఇచట బయల్పడినవి. కొండపైనుండి నదిని చూచిన కన్నులకు అది సులభముగా మరపునకు రాదు.

1919లో ఈ స్థలమును లోకమునకు తెలిపినవారు గిడుగు రామమూర్తిగారు. వారు 1863లో శ్రీముఖలింగమునకు సమీపమునందలి పర్వతాలపేటలో జన్మించిరి. చిన్ననాడే ఆ గుడిగోడలపై వ్రాతలు చూచిరి. పిదప పర్లాకిమిడిలో నుపాధ్యాయులుగా నుండి, తమంతట తామే పాతలిపులు నేర్చి, వానిని చదివి, గాంగరాజుల రాజధానియగు కళింగనగరము ఈ ముఖలింగమే యని నిరూపించిరి. భాషావిషయమున వారి మార్గము వేరు, మా మార్గము వేరు. ఈ వ్యాసపు నడకయే యందుకు సాక్షి. అయినను ఒక బడిపంతులు జీతపురాళ్లతో బ్రతుకుచు, ఎవరు నియమింపకయే, ఒక రాజ్యముయొక్క రాజధానిని మరల మనకు కనుగొని యిచ్చెనన్న, అన్ని వాదములు నటుంచి చేతులు మోడ్చవలసినదే. సవరలమధ్య తిరిగి వారి భాషకు వ్యాకరణమును నిఘంటువును కూర్చినవారును ఆయనయే.

శ్రీకాకుళమునకు సుమారు 46 కిలోమీటరుల దూరమున నున్న ముఖలింగమున మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వరాలయములు కలవు. మధూకమనగా ఇప్పచెట్టు. ఇప్పమ్రానునుండి శివుడు వెలసెనని స్థలకథ. ఇచట సవరలకు స్వామితో చుట్టరికము చెప్పుదురు. మహాశివరాత్రి పిమ్మట చక్రతీర్థస్నానమునకు వంశధారలో తెలుగువారు, ఒడియావారు, కొండలవారు కలిసి మునుగుదురు. 1078లో పట్టాభిషిక్తుడైన అనంతవర్మ చోడగంగదేవుడు ఇచటినుండి యేలి, పూరీజగన్నాథుని మహాలయమును కట్టించెను. అంతటి ప్రభువు రాజధాని యే యూరో కొన్ని శతాబ్దులు లోకమునకు తెలియకపోయెను. రాజ్యము పోయినది, కోట పోయినది, రాతిపై వ్రాత మాత్రము మిగిలి, చదువువాని కొరకు వేచియుండెను.

పోషకులకు విన్నపము

మేము ఉపాధ్యాయత్వమున నున్న దినములలో ఒక పల్లెలో శివాలయమునకు జీర్ణోద్ధారణము జరిగినది. ముఖమండపపు మెట్టుచెంతనున్న శాసనశిల కొత్తగోడకు అడ్డువచ్చినదని పెరికి, నునుపుగా నున్నదని చెరువుగట్టున బట్టలుదుకుటకు వేసిరి. కొన్నియేండ్ల పిమ్మట మేము పిల్లలతో పోయి చూడగా, అక్షరములన్నియు నరిగి, ఒక మూల "దీప" అను రెండక్షరములు మిగిలియుండెను. కొత్తగోడపై దాతల పేర్లు చలువరాతిమీద బంగారురంగుతో మెరయుచుండెను. ఆ దాతలు దుష్టులు కారు. భక్తితో, సొంతసొమ్ముతో చేసిన పని యది. తాము చెరపినది తమవంటి యొక దాత పేరని వారికి చెప్పినవారు లేరు. అందుచేత చెప్పవలసిన భారము చదువుకొన్నవారిది.

మనవారిలో ఆలయములకు విరివిగా నిచ్చుదాతలు కలరు. వారికి మా విన్నపము లివి. గుడిపని మొదలిడుటకు ముందు, గోడలపైనను స్తంభములపైనను వ్రాత యున్నదేమో చూపింపుడు. ఉన్నచో శాసనశాఖవారికి తెలుపుడు. వారు రాతిని శుభ్రముగా కడిగి, తడిపిన కాగితమును దానిపై పరచి, కుంచెతో మెల్లగా కొట్టి, సిరా అద్దుదురు. నల్లనికాగితముపై తెల్లని యక్షరములు లేచివచ్చును. రాతికి హాని లేదు, ఖర్చు స్వల్పము. ఆ రాతిపై సున్నము వేయింపకుడు, నూనెరంగు పూయింపకుడు, ఇసుకను యంత్రముతో చిమ్మి రుద్దింపకుడు. మీ పేరు పలకను వ్రాతలేని గోడపై నుంచుడు.

మన సంఘమున కొక సూచన. ఏటేట పరీక్షలలో నెక్కువ మార్కులు వచ్చిన విద్యార్థులకు బహుమతు లిచ్చుచున్నాము. పాతతెలుగులిపి చదువ నేర్చిన బాలునికో బాలికకో ఇంకొక బహుమతి నేర్పరుపుడు. లిపి నేర్పుటకు మేము సిద్ధముగా నున్నాము. ప్రాయము మళ్లినను కన్నులింకను పనిచేయుచున్నవి. ఒక సంవత్సరమున పదిమంది పిల్లలు ఒక్కొక్క ఊరి గుడిని చూచి, అచటి వ్రాతల ఛాయాచిత్రములు తీసి తెచ్చినచో, మరుసటి సంచికలో ఈ వ్యాసమునకు బదులు వారి పట్టికను ప్రకటింపవచ్చును. అది మా వ్రాతకంటె మేలైన చరిత్ర యగును.

ప్రతినిధులు సుఖముగా యాత్ర చేసి, క్షేమముగా ఇండ్లకు చేరుదురుగాక. చూచినచోట నెల్ల, వెలుగుచున్న దీపముతోపాటు దానిని తొలుత వెలిగించినవానినికూడ తలచుదురుగాక.

శుభం భూయాత్.